చిందీ తెల్లగా వచ్చేదాకా

ఎన్‌సీసీ క్యాంపులో మొదటిసారి .22 రైఫిల్ పట్టుకున్న రోజున నా వంతుకు వచ్చినవి అయిదు తూటాలు. రెండు నిమిషాల్లో అయిపోయాయి. ఆ తర్వాత ఆ రైఫిల్‌ని శుభ్రం చేయడానికి గంట పట్టింది. పుల్‌త్రూ తాడు కొసన ఉన్న కంతలో చిందీ గుడ్డ మడిచి దూర్చాలి. ఇత్తడి బరువున్న రెండో కొసను, తూటా కూర్చునే ఛాంబర్ వైపు నుంచి గొట్టంలోకి జారవిడవాలి. అది అవతల బయటికి రాగానే తాడు పట్టుకుని ఒకే ఊపున లాగాలి. మధ్యలో ఆగితే మాకు నేర్పే ఉస్తాద్ మళ్లీ మొదటి నుంచి చేయించేవారు. మొదటి చిందీ బొగ్గుమసిలా వచ్చింది. పదోది కొంచెం బూడిదరంగులోకి తిరిగింది. "తెల్లగా వచ్చేదాకా లాగు" అన్నారాయన.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో కాంస్యం తెచ్చాక పిల్లల్ని షూటింగ్‌లో చేర్పిద్దామనుకునే తల్లిదండ్రులు చాలామంది కనిపిస్తున్నారు. వాళ్లలో ప్రతి ఒక్కరూ మొదట అడిగేది, "ఏ రైఫిల్ కొనమంటారు?" అని. రైఫిల్‌తో పాటు ఏమేం కావాలి, దాన్ని ఎలా చూసుకోవాలి అన్నది ఒక్కరూ అడగరు. నిజానికి .22 రైఫిల్ గొట్టం తూటాలతో అరిగిపోవడం చాలా అరుదు. మెత్తని సీసపు గుండు, తక్కువ ఒత్తిడి కాబట్టి వేల మీద వేల తూటాలను అది తట్టుకుంటుంది. దాన్ని పాడుచేసేది తేమ, లేదంటే శుభ్రం చేసే చేతుల తొందర.

రిమ్‌ఫైర్ తూటాను చేతిలోకి తీసుకుని చూస్తే సగం సంగతి అర్థమవుతుంది. మందు వెలిగించే రసాయనం పెద్ద తూటాలకు అడుగున నడిమధ్య బొట్టులా ఉంటుంది. దీనికి మాత్రం అడుగున చుట్టూ ఉన్న పల్చని అంచు మడతలో ఉంటుంది. పిన్ను వచ్చి ఆ అంచును నలిపితే నిప్పు పుడుతుంది. ఈ పద్ధతికి మూలం 1845లో పారిస్‌లో ఫ్లోబేర్ చేసిన చిన్న తూటా. ఇప్పుడు లోకమంతా వాడే .22 లాంగ్ రైఫిల్ తూటా 1887 నాటిది. బోయర్ యుద్ధంలో తమ సైనికుల గురి ఏపాటిదో తెలిశాక బ్రిటన్‌లో ఊరూరా చిన్న రైఫిల్ క్లబ్బులు వెలిశాయి. చవకైన తూటా, చిన్న చప్పుడు, భుజానికి దెబ్బ లేకపోవడం వల్ల నేర్పడానికి .22ను మించింది లేదని వాళ్లకు అర్థమైంది. అందుకే .303 లీ ఎన్‌ఫీల్డ్‌కే చిన్న గొట్టం అమర్చి .22గా మార్చారు. బరువు దాదాపు అదే, ఛాంబర్‌ను మూసే బోల్ట్ తీరు అదే. తూటాలు ఒక్కొక్కటే చేత్తో పెట్టాలి. కింద ఉన్న పాత మ్యాగజైన్ పెట్టెలోకి ఖాళీ తొడుగులు రాలిపడేవి. మన దేశంలో తరాల తరబడి ఎన్‌సీసీ కేడెట్లు గురి నేర్చుకున్నది ఆ రకం రైఫిళ్లతోనే.

ఆ తూటాను మళ్లీ చూడండి. గుండు తొడుగుతో సమానమైన లావుంటుంది, పైన మైనం లాంటి పూత ఉంటుంది. వేలికి జిడ్డుగా తగులుతుంది. ఆ పూతే గొట్టంలో సీసం అంటుకోకుండా కాపాడుతుంది. ఆ జిడ్డుకే ఇసుక కూడా అంటుకుంటుంది. అందుకని నేల మీద పడిన తూటాను ఉఫ్‌మని ఊది మళ్లీ పెట్టే అలవాటు వద్దు. ఇసుక గొట్టంలోకి వెళ్తే గీత పడుతుంది. పిన్ను అంచును కొడుతుందని చెప్పాను కదా, తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కితే కొన్ని పాత రైఫిళ్లలో ఆ పిన్ను నేరుగా ఛాంబర్ అంచుకే తగులుతుంది. అక్కడ సొట్ట పడితే తూటా సరిగ్గా కూర్చోదు, ఖాళీ తొడుగు బయటికి రాదు. ఉత్త ట్రిగ్గర్ సాధన చేయాలంటే ప్లాస్టిక్ డమ్మీ పెట్టుకోవాలి, లేదా అందుకు వీలున్న మ్యాచ్ రైఫిల్ అయ్యుండాలి.

ఇక ఏం కొనాలన్న సంగతి. మొదటి ఏడాది రైఫిల్ కొనకండి. క్లబ్ రైఫిల్‌తో నేర్చుకోండి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం .22 రైఫిల్‌కీ లైసెన్సు తప్పనిసరి, సొంతానికి లైసెన్సు రావాలంటే మామూలుగా 21 ఏళ్లు నిండాలి. ఈలోపు డబ్బు పెట్టాల్సినవి వేరే ఉన్నాయి. అన్నింటికన్నా ముందు చెవులకు మఫ్, కళ్లకు అద్దాలు. .22 చప్పుడు చిన్నదే, కానీ కప్పున్న రేంజ్‌లో రోజూ వినే చెవికి అది చిన్నది కాదు. తర్వాత పడుకుని కాల్చడానికి మ్యాట్, ఎడమ చేతికి గ్లవ్, స్లింగ్.

స్లింగ్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. చూసినవాళ్లు దాన్ని భుజానికి తగిలించుకునే పట్టీ అనుకుంటారు. పోటీ స్లింగ్ పని వేరు. పై చేతికి బిగించిన పట్టీ రైఫిల్ ముందు భాగాన్ని పట్టి ఉంచితే, బరువు కండరాల మీద పడకుండా ఎముకల మీద, పట్టీ మీద నిలుస్తుంది. కండరం వణుకుతుంది, ఎముక వణకదు. సరిగ్గా కుదిరిందో లేదో చూసుకునే ఉపాయం ఒకటుంది. గురి పెట్టి కళ్లు మూసుకోండి, రెండుసార్లు ఊపిరి తీసి వదిలి కళ్లు తెరవండి. గురి అక్కడే ఉంటే కుదిరినట్టు. పక్కకు జరిగితే చేత్తో తోసి సరిచేయకూడదు, ఒంటినే కొంచెం జరుపుకోవాలి. 50 మీటర్ల దూరంలో పది మార్కుల వలయం అడ్డుకొలత 10.4 మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలి గోరంత. కండబలంతో అది దొరకదు. ఈ నిలకడ ఏ రైఫిల్‌కైనా పనికొస్తుంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో పతకం గెలిచింది ఎయిర్ రైఫిల్‌లో. అవే పోటీల్లో పడుకుని కాల్చే .22 విభాగంలోనూ దిగాడు. రెండు రైఫిళ్లూ వేరు, కింద ఉన్న విద్య ఒక్కటే.

సొంత రైఫిల్ వచ్చాక తూటాల సంగతి చూసుకోవాలి. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే ధర ఉన్నా ఒక లాట్ (ఒకే విడతలో తయారైన తూటాలు) మీ గొట్టానికి నప్పుతుంది, మరొకటి నప్పదు. నాలుగైదు లాట్ల నుంచి ఒక్కో పెట్టె తెచ్చి పదేసి కాల్చి చూడండి. ఏది దగ్గరదగ్గరగా పడితే ఆ లాట్‌నే నిల్వ చేసుకోండి.

ఇప్పుడు శుభ్రం చేయడం. ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. క్లబ్బులో చేరిన రెండో ఏడు ఒక సీనియర్ దగ్గర రైఫిల్ అడిగి తీసుకున్నాను. బుద్ధిగా శుభ్రం చేసిద్దామని, ముక్కలు ముక్కలుగా బిగించే అల్యూమినియం రాడ్డును గొట్టం మూతి వైపు నుంచి దూర్చాను. రాడ్డు వంగి అతుకులు మూతి అంచుకు రాసుకున్నాయి. గుండు గొట్టాన్ని వదిలే ఆఖరి చోటు ఆ అంచే. అక్కడ ఒక వైపు వెంట్రుకవాసి అరిగినా వాయువు ఆ పక్క నుంచి ముందు తప్పించుకుని గుండును తోసేస్తుంది. మరుసటి వారం ఆ రైఫిల్‌తో కాల్చినవి రూపాయి బిళ్లంత చోటులో పడాల్సింది పోయి అరచేతి వెడల్పున చెదిరాయి. మూతిని కోసి కొత్తగా అంచు తీయించాల్సి వచ్చింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఈనాటికీ ఆ బాధ నాకు పోలేదు.

కాబట్టి రాడ్డు అతుకుల్లేనిదై ఉండాలి, ఛాంబర్ వైపు నుంచే పోవాలి, గొట్టానికి రాసుకోకుండా గైడ్ ఉండాలి. బోల్ట్ తీసేసి, ఛాంబర్ ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి, అప్పుడే మొదలుపెట్టండి. ద్రావకం తడిపిన గుడ్డముక్కను ఒకే దిశలో తోయండి. మూతి దాటాక గుడ్డ తీసేసి రాడ్డును నెమ్మదిగా వెనక్కి లాగండి. రెండు మూడు తడివి, రెండు పొడివి చాలు. ఎక్కువ శ్రద్ధ కావాల్సింది ఛాంబర్‌కు సరిగ్గా ముందున్న రెండంగుళాలకు. చాలా రిమ్‌ఫైర్ తూటాల నిప్పు రసాయనంలో గాజుపొడి కలుపుతారు. దాని మసి అక్కడే పేరుకుని గట్టిపడుతుంది. బోల్ట్ ముఖాన్ని పాత టూత్‌బ్రష్‌తో తోమితే చాలు. ట్రిగ్గర్ లోపల మాత్రం నూనె పోయకండి, దుమ్ము చేరి బంకవుతుంది.

మరి ఉస్తాద్ చెప్పిన తెల్లటి చిందీ? ఆయన పాఠం .303 కాలం నుంచి వచ్చింది. ఆనాటి తూటాల నిప్పు రసాయనం గొట్టంలో ఉప్పు లాంటిది మిగిల్చేది. అది తేమ పీల్చి ఒక్క రాత్రిలో తుప్పు పట్టించేది. ఇప్పటి .22 తూటాల్లో ఆ ఉప్పు లేదు. అందుకని మరీ తెల్లబడేదాకా రుద్దక్కర్లేదు. పైగా బాగా తుడిచిన గొట్టంలో మైనపు పూత మళ్లీ సమంగా పరుచుకునేదాకా మొదటి అయిదారు గుళ్లు చెదురుతాయి. పోటీ ముందు రోజు గొట్టం తళతళలాడించి తెల్లారి బాధపడిన పిల్లల్ని చాలామందిని చూశాను.

కానీ తేమ సంగతిలో ఉస్తాద్ మాట ఇప్పటికీ నిజం. విశాఖలోనో మచిలీపట్నంలోనో ఉండేవాళ్లు దాన్ని రెండింతలు పాటించాలి. స్పాంజి పరిచిన పెట్టె రైఫిల్ మోయడానికే, దాచడానికి కాదు. స్పాంజి చెమ్మను పట్టి ఉంచుతుంది. తుడిచాక నూనె పూత పల్చగా వేసి, సిలికా జెల్ సంచులు పెట్టి, తాళం వేసిన బీరువాలో నిలబెట్టండి. తూటాలకు వేరే అర, వేరే తాళం. మళ్లీ కాల్చే ముందు పొడి గుడ్డతో ఆ నూనె తీసేయడం మరవకండి. రేంజ్ నుంచి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి, వేళ్లకు అంటింది సీసం. ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే మూతిని లక్ష్యం వైపే ఉంచి అర నిమిషం ఆగండి, తర్వాతే బోల్ట్ తెరవండి. చిన్న తూటా కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. మైలున్నర దాకా ప్రమాదమని కొన్ని పెట్టెల మీదే ముద్రించి ఉంటుంది.

మీ ఇంట్లో లైసెన్సున్న .22 ఉండి, గత వానాకాలం నుంచి పెట్టె మూత తీయకపోతే, ఈ ఆదివారం ఒకసారి తీసి చూడండి. ఛాంబర్ ఖాళీయేనా అన్నది చూసుకున్నాకే చిందీ చేతిలోకి తీసుకోండి.