పగలు రాత్రయ్యే ఇల్లు

వేసవి సెలవుల్లో శ్రీనగర్ కాలనీకి చుట్టాలొస్తే చూడాల్సినవాటి జాబితా ఎప్పుడూ ఒకటే. బిర్లా మందిర్, చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, జూ. తెనాలి నుంచి పిల్లలతో దిగిన మా పిన్ని మొన్న అదే జాబితా చదివింది. మిగతా అన్నిటికీ తోడొస్తాను, జూకు మాత్రం క్యాబ్ బుక్ చేసిపెడతాను, మీరే వెళ్లిరండి అన్నాను. ఆవిడ ఊరుకోలేదు. "పాలు మానేశావు, పెరుగు మానేశావు, తేనె కూడా ముట్టనంటావు. నీ తిండి నీ ఇష్టం. జూలో ఎవర్నీ కోసుకు తినరు కదరా!"

అడగాల్సిన ప్రశ్నే. వీగన్ అనగానే అందరికీ గుర్తొచ్చేది వంటిల్లు: నెయ్యి లేని పప్పన్నం, పల్లీ పాలతో తోడేసిన పెరుగు, పెళ్లి భోజనాల్లో వడ్డించేవాళ్లతో వాదన. నాకు వంటిల్లు ఆ తర్వాత వచ్చింది. ఒక ప్రాణి ఎందుకు బతకాలో నిర్ణయించే పెత్తనం మనకెవరిచ్చారన్నది ముందొచ్చిన ప్రశ్న. గేదె బతుకు పాల కోసం, పట్టుపురుగు బతుకు చీర కోసం. జూలో సింహం బతుకు, ఆదివారం మనం చూడటం కోసం.

జూ సిబ్బంది మీద నాకే ఫిర్యాదూ లేదు. మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాల్లో ఉన్న మన నెహ్రూ జూలాజికల్ పార్కు 1963 అక్టోబరు 6న తలుపులు తెరిచింది. ఇనుప చువ్వల బోన్లకు బదులు కందకాలు తవ్వి, వాటి వెనక ఆరుబయట జంతువుల్ని తిరగనిచ్చింది. 2021 మేలో అక్కడి ఎనిమిది ఆసియా సింహాలకు కరోనా సోకిందని సీసీఎంబీ తేల్చినప్పుడు, అవి కోలుకునేదాకా కనిపెట్టుకుని ఉన్నది ఆ సిబ్బందే. బాగా చూసుకుంటున్నారు కదా అనేవాళ్లతో నాకు తగాదా లేదు.

నా అభ్యంతరమేమిటో ఆ జూలోనే ఉన్న ఒక భవనం నాకన్నా బాగా చెబుతుంది. రాత్రిపూట తిరిగే జంతువుల కోసం 1982లో కట్టిన నాక్టర్నల్ హౌస్ అది. దేశంలో అలాంటిది అదే మొదటిదని జూ గొప్పగా చెప్పుకుంటుంది. లోపల దేవాంగ పిల్లులు, పునుగు పిల్లులు, గుడ్లగూబలు, గబ్బిలాలు. ఇవి లేచేది చీకటి పడ్డాక, జూ తెరిచేదేమో పగలు. నిద్రపోతున్న గుడ్లగూబను చూడటానికి టికెట్టు ఎవరు కొంటారు? అందుకని లైట్లతో వేళలు తిప్పేశారు. పగలంతా లోపల చీకటి, అక్కడక్కడా మసక వెలుతురు. మనం ఇళ్లకు చేరాక దీపాలు వెలుగుతాయి, అప్పుడు వాటికి తెల్లవారినట్టు. తెలివైన ఏర్పాటే. చిన్నప్పుడు నేనూ ఆ చీకట్లో అద్దానికి ముక్కు ఆనించి నోరు తెరుచుకుని చూసినవాణ్నే. ఆ ఇంట్లో జంతువులకు తిండి ఉంది, వైద్యం ఉంది. పొద్దు మాత్రం మనది. సందర్శన వేళల కోసం ఒక ప్రాణికి పగలూ రాత్రీ మార్చగలిగామంటే, అక్కడ ఎవరు ఎవరి కోసం ఉన్నారన్నదానికి ఇంక సాక్ష్యం అక్కర్లేదు.

అడవి జంతువుకు కనబడకుండా ఉండటం ఒక విద్య, ప్రాణం నిలిపే విద్య. జూలో ఆ విద్యకు చోటు లేదు. మొసలి కదలడం లేదని గులకరాయి విసిరేవాణ్ని అందరం తిడతాం. టికెట్టు కొన్న ప్రతివాడి మనసులోనూ అది కదిలితే బాగుండుననే ఉంటుంది. (సోమవారం జూకు సెలవు. వారంలో ఆ జంతువుల మొహంలోకి ఎవరూ తొంగిచూడని రోజు అదొక్కటే.) 2000 అక్టోబరులో సఖి అనే ఆడపులిని అదే జూలో, దాని ఆవరణలోనే, రాత్రివేళ చంపి చర్మం ఒలిచారు. దేశమంతా అట్టుడికింది. భద్రత గురించీ నిఘా గురించీ చాలా మాట్లాడుకున్నాం. నల్లమలలో పులిని చంపాలంటే వేటగాడు ముందు దాన్ని వెతకాలి. ఇక్కడ వెతకాల్సిన పని లేదు, బోర్డు ఉంటుంది.

ఇక్కడికి రాగానే చదువుకున్న స్నేహితులు సంరక్షణ మాట ఎత్తుతారు. జూలు లేకపోతే అంతరించే జాతుల గతేమిటి? దీనికి జవాబు కూడా హైదరాబాద్‌లోనే ఉంది. మూషిక జింక అని కుందేలంత ఉంటుంది, మహా బెరుకు. 2010లో నెహ్రూ జూ, అత్తాపూర్ దగ్గరి సీసీఎంబీ వారి లాకోన్స్, కేంద్ర జూ అథారిటీ కలిసి ఆరు జింకలతో పని మొదలుపెట్టాయి. ఏడేళ్లు తిరిగేసరికి అవి రెండు వందలు దాటాయి. 2017లో కొన్నిటిని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లోకి వదలడం మొదలుపెట్టారు. మన జూ చేసిన పనుల్లో నేను చెయ్యెత్తి మొక్కేది దీనికే. అయితే ఆ పని జరిగింది జనం కంటపడని చోట. అడవికి పంపాల్సిన జింకకు మనుషుల అలవాటు చేయకూడదు కాబట్టి అలాగే జరగాలి. లాకోన్స్‌కు వెళ్తే గేటు దగ్గర టికెట్టు కౌంటరు ఉండదు, పాప్‌కార్న్ బండి ఉండదు. సంరక్షణకు ప్రదర్శన అక్కర్లేదని ఇంతకంటే ఎవరు రుజువు చేయాలి?

ప్రదర్శన కోసమే గడిచిపోయిన బతుకూ అక్కడే ఉంది. రాణి అనే ఏనుగు 1938లో పుట్టింది. నిజాం కాలం నాటి బాగే ఆమ్‌లో, అంటే నేటి పబ్లిక్ గార్డెన్స్‌లో, పెరిగింది. 1963లో కొత్త జూకు మారింది. మొహర్రం ఊరేగింపులో నడిచింది, బోనాల ఊరేగింపులోనూ నడిచింది. పాతబస్తీలో రెండు మతాలవాళ్లూ దారిచ్చి దండం పెట్టిన జీవి. 2009లో కేంద్ర జూ అథారిటీయే ఒక మాట చెప్పింది: ఏనుగుకు కావాల్సినంత నేల జూలు ఇవ్వలేవు, వాటిని అటవీ శాఖ శిబిరాలకు తరలించండి అని. రాణి 2021 జూన్‌లో, 83వ ఏట, జూలోనే పోయింది. నివాళుల్లో ఆమె వయసును జూ సేవలకు మెచ్చుకోలుగా రాశారు. నాకా లెక్క మరోలా కనిపిస్తుంది.

"అయితే ఉన్నవాటిని అడవిలోకి తోలేస్తావా?" అంది పిన్ని. తోలకూడదు. వేటాడటం రాని సింహాన్ని అడవిలో వదిలితే ఆకలితో చస్తుంది, లేదా ఏ ఊరిమీదో పడుతుంది. దారి మనకు తెలిసిందే, సర్కస్ విషయంలో ఒకసారి నడిచాం కూడా. పులులు, సింహాలు, ఎలుగులతో ఆటలాడించకూడదని 1998లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది, 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. సర్కస్‌లవాళ్ల దగ్గర్నుంచి తెచ్చిన జంతువుల్ని విశాఖ, తిరుపతి పునరావాస కేంద్రాల్లో ఉంచారు. పిల్లల్ని కననివ్వలేదు. ఉన్నవాటిని ముసలితనం దాకా సాకారు. సింహం లేని సర్కస్ ఏం సర్కస్ అని అప్పుడూ అన్నారు. ఆ సింహం కోసం ఇవాళ ఏ పిల్లాడూ ఏడవడం లేదు.

జూ విషయంలో నేనడిగేదీ అంతే. చూపించడానికని కొత్తగా ఏ జంతువునూ తేవొద్దు, పుట్టించొద్దు. ఉన్నవాటిని చివరిదాకా సాకండి. మూషిక జింకల పని పదింతలు చేయండి, నా పన్ను డబ్బులు అందుకే వాడండి. ఏనుగుల గురించి 2009లో అన్నమాట అమలు చేయండి. ఇవన్నీ ఏళ్లు పట్టే పనులని నాకూ తెలుసు. ముందు ఆ నాక్టర్నల్ హౌస్‌తో మొదలుపెట్టండి. కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. ఏ కొన్ని వారాలో కొంచెం కొంచెంగా లైట్లు వేసే వేళ జరుపుకుంటూ వస్తే చాలు.