మిడిల్ వాచ్

నాన్న పోయాక పలకరించడానికి వచ్చినవాళ్లలో చాలామంది ఘాజీ గురించే మాట్లాడారు. విశాఖలో నేవీ నుంచి రిటైరైన వాళ్లెవరికీ ఆ ప్రశ్న తప్పదు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ ఆ పాకిస్తాన్ జలాంతర్గామి మన తీరానికి దగ్గర్లో మునిగిపోయేనాటికి నాన్న ఐఎన్ఎస్ సర్కార్స్‌లో శిక్షణ పొందుతున్న పదహారేళ్ల కుర్రాడు. ఆ తర్వాత నౌకల మీద ఆయన ఎక్కువగా చూసింది చీకటినే.

ఓడలో రోజంటే నాలుగేసి గంటల వాచ్‌లు. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు మాత్రం రెండు ముక్కలు, డాగ్ వాచ్‌లంటారు. దాంతో మొత్తం ఏడవుతాయి కనుక రోజూ ఒకడికే అర్ధరాత్రి పడదు. అన్నిటికన్నా కష్టం మిడిల్ వాచ్, పన్నెండు నుంచి నాలుగు. వెలుతురులోంచి వచ్చిన కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే అరగంట దాకా పడుతుంది, అందుకే ముందుగా వెళ్లి నిలబడాలి. దూరాన మిణుకుమనే దీపాన్ని సూటిగా కాకుండా కాస్త పక్కకు చూడాలి. రెటీనా నట్టనడుమ మసక వెలుతురును పట్టే కణాలు ఉండవని నేను పుస్తకంలో చదివాను; నాన్నకు డెక్ మీద నేర్పారు. తిరుగుదారిలో డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్‌ను ముందు ఎవరు పట్టుకుంటారా అని పోటీ పడేవారట.

నాకు గొప్పగా తోచేది వాచ్ అప్పగింత. ఓడ ఎటు, ఎంత వేగంతో పోతోంది, కంటబడ్డ ఓడలు ఏ దిక్కున ఉన్నాయి, గాలి ఎలా మారింది, అన్నీ దిగేవాడు చెప్పాలి, ఎక్కేవాడు తిరిగి అప్పజెప్పాలి. అది పూర్తికాకుండా ఎంత నిద్ర ముంచుకొచ్చినా కదలకూడదు.

ఆ ఏళ్లలో మేం ఫ్లీట్ మెయిల్ ఆఫీస్ చిరునామాకు ఉత్తరాలు రాసేవాళ్లం. ఓడ ఎక్కడుందో తెలిసేది కాదు. తమ్ముడు పుట్టినప్పుడు నాన్న సముద్రంలో ఉన్నారు. నేను పెద్దమనిషినైనప్పుడూ లేరు. అమ్మ ఈ సంగతి ఎన్నడూ తేలిగ్గా మాట్లాడలేదు, నేనూ మాట్లాడను. ఇల్లు, మేము, పొదుపు, జ్వరాలు, అన్నీ ఆవిడ ఒక్కతే చూసుకుంది.

చీఫ్ పెట్టీ ఆఫీసర్‌గా రిటైరై మల్కాపురంలో స్థిరపడ్డాక నానమ్మకు పక్షవాతం వచ్చింది. నాన్న గోడకు ఒక కాగితం అంటించారు. రాత్రిని వాచ్‌లుగా కోసి పేర్లు రాశారు: నేను, తమ్ముడు, బాబాయి. మిడిల్ వాచ్ ఎప్పుడూ తనదే. అమ్మ పేరు ఎక్కడా లేదు. అడిగితే, “మీ అమ్మకి చానా లీవు బాకీ ఉందమ్మా” అన్నారు.

పన్నెండింటికి ఆయనకు అప్పగించి పడుకోబోతుంటే ఆపేవారు. “ఏటి చూశావో చెప్పు.” ఎన్ని నీళ్లు తాగింది, ఏ పక్కకు తిప్పాం, మాట ఎక్కడ తడబడింది. చెప్పిందంతా నోటుబుక్కులో రాయించేవారు. మంచాన పడ్డవాళ్లను రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే ఒళ్లు పుళ్లు పడుతుంది. నానమ్మకు చివరిదాకా ఒక్కటీ పడలేదు.

నేవీ డే నాడు ఆర్కే బీచ్‌లో విన్యాసాలకు మనవల్ని నాన్నే తీసుకెళ్లేవారు. ఆ హెలికాప్టర్లూ కమాండోలూ పిల్లలకు గుర్తుండాల్సిందే. నా బిడ్డలకు ఆ నోటుబుక్కు కూడా చూపించాను.

ఈ ఏడు నాన్నే మంచాన పడ్డప్పుడు తమ్ముడు మళ్లీ కాగితం అంటించాడు. మిడిల్ వాచ్ దగ్గర అమ్మ తన పేరు తనే రాసుకుంది. వద్దన్నా వినలేదు. మా అందరి అప్పగింతలకన్నా ఆవిడవే వివరంగా ఉండేవి. డాక్టరు రెండుసార్లు మందు మోతాదు మార్చింది ఆవిడ రాత చూసే.