మెతుకు పట్టి చూసే లెక్క

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు నొక్కి చూస్తే చాలంటారు. గిన్నె అంతా ఒకే ఎసట్లో మరిగింది కాబట్టి ఆ మాట చెల్లుతుంది. వరిచేను అలా కాదు. కాలవ పక్క మడి ఒకలా పండుతుంది, మెరక మడి ఇంకోలా. మరి ఊరి దిగుబడి తేల్చాలంటే ఎన్ని మెతుకులు పట్టాలి? పట్టాక ఎంత గట్టిగా మాట్లాడవచ్చు?

మన పల్లెల్లో జరిగే పంటకోత ప్రయోగాన్నే చూడండి. ఏ సర్వే నంబరు, దాని మూల నుంచి ఎన్ని అడుగులు నడవాలి అన్నది యాదృచ్ఛిక సంఖ్యలే చెబుతాయి. రైతుకు గాని, వచ్చిన ఉద్యోగికి గాని ఎంపికలో చెయ్యి ఉండకూడదు. అక్కడ కర్రలు పాతి ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పున తాడు బిగిస్తారు. లోపలి పైరు కోసి, నూర్చి, తూర్పారబట్టి తూకం వేస్తారు. ఆ చదరం హెక్టారులో 400వ వంతు. 12 కిలోలు తూగితే హెక్టారుకు 4,800 కిలోలు. కాటా మీద వంద గ్రాములు తేడా వస్తే హెక్టారుకు 40 కిలోలు తేడా వచ్చినట్టే.

తాడు కింద పడిన దుబ్బు లోపలిదా, బయటిదా? 1940లలో దీని మీదే పెద్ద చర్చ నడిచింది. గణాంకవేత్త మహలనోబిస్ చిన్న కోతలతో సర్వేలు నడిపితే, చదరం చిన్నదయ్యేకొద్దీ అంచు దుబ్బులు లోపలికి వచ్చేసి దిగుబడి ఎక్కువగా కనిపిస్తుందని మరో గణాంకవేత్త సుఖాత్మే వాదించారు. నా మటుకు నాకు గణాంకశాస్త్రం మొదలయ్యేది ఆ తాడు దగ్గరే. అక్కడ తప్పు జరిగితే ఏ సూత్రమూ సరిదిద్దలేదు.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. 16 చదరాలు కోశాం, సగటు 12 కిలోలు, ప్రామాణిక విచలనం, అంటే చదరానికి చదరానికి ఉండే తేడా కొలత, 2 కిలోలు. 16కు వర్గమూలం 4. రెండును నాలుగుతో భాగిస్తే అర కిలో. ఇది సగటుకుండే ఊగిసలాట, అంటే ప్రామాణిక దోషం. దాన్ని 16 కోతలకు టి-పట్టిక ఇచ్చే 2.13తో గుణించి, సగటుకు అటూ ఇటూ వేస్తే 10.9 నుంచి 13.1 కిలోలు. ఇదే 95 శాతం విశ్వాస అంతరం. డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన గాసెట్, చిన్న నమూనాల చిక్కు విప్పుతూ 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో రాసిన వ్యాసం నుంచే ఆ పట్టిక పుట్టింది.

ఇక్కడ 95 శాతం అంటే ఏమిటో 1930లలో గణాంకవేత్త నేమన్ స్పష్టం చేశాడు. ఇదే పద్ధతిలో వంద ఊళ్ళకు వంద అంతరాలు గీస్తే, సుమారు 95 అంతరాల్లో ఆయా ఊళ్ళ అసలు సగటు పడుతుంది. మన ఊరిది ఆ 95లో ఉందో, మిగతా ఐదులో ఉందో మనకు తెలియదు. నమ్మకం పద్ధతి మీద, ఒక్క అంతరం మీద కాదు.

ఇప్పుడు పరీక్ష. పాత విత్తనం చదరానికి 11 కిలోలు ఇచ్చేది. కొత్త విత్తనంతో ఏమీ మారలేదనే మాటను ముందు నిలబెడతాం. ఇది శూన్య పరికల్పన. తేడా ఒక కిలో, ప్రామాణిక దోషం అర కిలో, భాగిస్తే 2. అది 2.13 దాటలేదు కాబట్టి ఆ మాటను కొట్టిపారేయలేం. 11 మన అంతరం లోపలే ఉంది, రెండు దారులూ ఒకే చోటికి చేరాయి. కానీ చాలామంది ఇక్కడే తొందరపడి ‘కొత్త విత్తనం దండగ’ అని తీర్పు చెప్పేస్తారు. అంతరాన్ని మళ్ళీ చూడండి. లాభం రెండు కిలోల దాకా ఉండవచ్చు, అంటే హెక్టారుకు 800 కిలోలు! చాలినంత సాక్ష్యం లేకపోవడం వేరు, తేడా లేకపోవడం వేరు. 64 చదరాలు కోస్తే అంతరం సుమారు సగానికి కుదించుకుపోతుంది. చదరాలు పెంచకుండా లెక్కలోని తెలివితోనే కుదించవచ్చా? కొంతవరకే. నిష్పాక్షికమైన అంచనాకు ఆ హద్దు ఎక్కడుందో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి కలకత్తా వెళ్ళిన సి.ఆర్. రావు 1945లో చూపించారు.

ఇదంతా పుస్తకాల్లో ఉండిపోయే విషయం కాదు. పంటల బీమా పథకమైన ఫసల్ బీమా కింద గ్రామం యూనిట్‌గా ఉన్న ప్రధాన పంటలకు కనీసం నాలుగు కోతలు చాలు. నాలుగింటికి పట్టికలో గుణకం 3.18. పై అంకెలే తీసుకుంటే ప్రామాణిక దోషం ఒక కిలో అవుతుంది, హెక్టారు అంచనా 3,500 నుంచి 6,100 కిలోల దాకా సాగుతుంది. బీమా హామీ ఇచ్చిన దిగుబడి 5,000 అయితే, కోతల లెక్క ఒక్కటే చూస్తే 4,800 సగటు మీద 200 కిలోల లోటుకు పరిహారం కట్టాలి. ఆ లోటు చుట్టూ అటూ ఇటూ 1,270 కిలోల ఊగిసలాట ఉంది. ఊరి దిగుబడి రాసే చోట, సగటు పక్కన ఈ అంకె కూడా రాయాలి. రైతు దాన్ని చూసి, ‘ఇంకో పన్నెండు కోయండి’ అని అడగగలగాలి.