విశ్వజన్మమునకు సాక్ష్యము

శాస్త్రము క్రొత్తగా నేది కనుగొన్నను, అది మా గ్రంథమున ముందే యున్నదని చెప్పువారు మనలో గలరు. వారు బెల్జియము దేశపు జార్జి లెమైత్రు చరిత్రము నెరుగుట మంచిది.

ఆయన కతోలిక మతగురువు, భౌతికశాస్త్రజ్ఞుడును. విశ్వము వ్యాకోచించుచున్నదని 1927లో గణితముచే జూపి, సమస్తమును ఒక్క ఆదిపరమాణువు నుండి వెలువడినదని 1931లో ప్రతిపాదించెను. 1951లో పన్నెండవ పయస్ పోపు, ఈ నూతన విజ్ఞానము సృష్టికర్తకు సాక్ష్యమిచ్చుచున్నదని ప్రసంగించిరి. సంతోషింపవలసిన లెమైత్రు నొచ్చుకొనెను! తన సిద్ధాంతము మతవిచారమునకు వెలుపలిదనియు, నాస్తికుడును దానిని నిరాటంకముగా గ్రహింపవచ్చుననియు ఆయన యభిప్రాయము. ఇది మాకు మిక్కిలి నచ్చినది. నేటి సిద్ధాంతము రేపు మారినచో, దానికి ముడివెట్టిన విశ్వాసము గతి యేమి?

ఎదుటిపక్షమును నిర్దోషము గాదు. ఆంగ్లేయుడగు ఫ్రెడ్ హాయిల్ 1948లో విశ్వమునకు ఆదియే లేదని వాదించెను. ఆది యనుమాటలో ఆయనకు మతవాసన తోచెడిది. నాస్తికునకును మూఢాభిమానము గలుగవచ్చును సుమా! తగవు తీర్చినది ప్రసంగములు గావు. ఆకాశమున అన్ని దిక్కుల నుండి వచ్చు నొక సన్నని రేడియోధ్వనిని 1965లో పెంజియాస్, విల్సన్ అనువారు ప్రకటించిరి. తొలినాటి వేడిమి చల్లారి మిగిలిన శేషమే యది. మరుసటి యేట మరణించుటకు ముందు లెమైత్రు ఈ వార్త వినెను.

ఇక మన సంగతి. ఋగ్వేదము పదవ మండలమందలి నాసదీయసూక్తము సృష్టిని గూర్చి సందేహముతోనే ముగియుచున్నది. దానిని మహావిస్ఫోటమునకు సాక్ష్యముగా జూపువారు ఆ కడపటి ప్రశ్నను విడిచివేయుచున్నారు. పిల్లలకు ఆ సూక్తము నేర్పు గృహస్థులు ఆ ప్రశ్నకును అర్థము చెప్పుదురు గాక.