తత్త్వగానమున హార్మోనియము

పరదేశమున పుట్టినంతమాత్రమున వాద్యము జానపదగానమునకు పరాయిది కాదు. ఆఫ్రికా మూలము గలిగి అమెరికా మీదుగా ఐర్లండు చేరిన బాంజో నేడచ్చట ఫిడేలు సరసన కూర్చున్నది. బార్నీ మెకెన్నా దానిని ఫిడేలుకన్న ఒక స్థాయి క్రిందుగా శ్రుతిచేసి వాయించుట యిందుకు మిక్కిలి తోడ్పడినది.

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి సీమల భజనగోష్ఠులలో హార్మోనియము కథయు నిట్టిదే. 1842లో పారిస్‌లో డెబెన్ హక్కుపత్రము పొందిన యీ పెట్టె, కలకత్తాలో ద్వారకానాథ ఘోషు చేతిలో నేలపై కూర్చుండి వాయించుట కనువైనది. గమకము పలుకదని ఆకాశవాణి 1940లో దీనిని వెలివేసి 1971లో నిషేధము సడలించినది. పల్లెభజన ఆ తీర్పును లక్ష్యపెట్టినదా?

గమకము పలుకదనుట సత్యమే. కాని కైవారము నారేయణ తాతయ్యగారి తెలుగు తత్త్వములకు గమకముకన్న మాట ప్రధానము. వారు గాజులమ్మి జీవించిరని చెప్పుదురు. ఆ నుడికారము వాకిట నిలిచి పలుకరించునట్టిది. ఏకతారి శ్రుతి నిలిపి మాటకు చోటు విడుచును. హార్మోనియము ప్రత్యక్షరమును వెన్నంటినచో వరుస మిగులును, మాట పోవును. బడిలో కన్నడము చదువుకొను పిల్లలలో పెక్కుమందికి తెలుగు కవిత చెవిన పడు చోటు భజనమందిరమే. కావున వాద్యకారుడు చరణమున శ్రుతిమాత్రము పట్టి, పల్లవి మరలినప్పుడు వ్రేళ్ళు కదపుట మేలు. అప్పటికి మాట చెవిన పడియుండును; పదిమందియు గొంతు కలుపుదురు.