అడగని ప్రశ్న: ‘అవెంజర్స్’ 200వ సంచికపై అభిమానుల చర్చ – విమర్శ స్వరూపం

వ్యాససంగ్రహం:

నెలనెలా వెలువడే కామిక్ పుస్తకం తాజా సంచికపై అభిమానులు చేసే చర్చను సాహిత్యవిమర్శ సాధారణంగా లెక్కలోకి తీసుకోదు. దానిని ఇష్టాయిష్టాల ప్రకటనగానో, రాబోయే కథను ఊహించే వినోదంగానో భావిస్తుంది. అమెరికాలో మార్వెల్ సంస్థ 1980లో ప్రచురించిన ‘అవెంజర్స్’ 200వ సంచికను, దానిపై పాఠకురాలు కరోల్ స్ట్రిక్‌లాండ్ రాసిన వ్యాసాన్ని, 1981లో వచ్చిన ‘అవెంజర్స్’ 10వ వార్షికసంచికను కలిపి పరిశీలించి, అభిమానుల చర్చ ఏ స్థానంలో విమర్శగా మారుతుందో నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం. సహృదయత, ఔచిత్యం, రసాభాసం అనే ఆలంకారికభావనలు ఈ పరిశీలనకు ఆధారాలు.

కీలకపదాలు: కామిక్ పుస్తకాలు, అవెంజర్స్, పాఠకస్పందన, సహృదయుడు, ఔచిత్యం, రసాభాసం, స్త్రీవాదవిమర్శ.

1. ఉపోద్ఘాతం:

నవల పూర్తయిన తర్వాతే విమర్శకుని చేతికి వస్తుంది. అప్పటికి రచయిత చెప్పదలచుకున్నది చెప్పేసి ఉంటాడు. విమర్శ ఎంత బలమైనదైనా ఆ నవలలోని ఒక్క వాక్యాన్నీ మార్చలేదు. నెలనెలా వచ్చే కామిక్ పుస్తకం స్థితి వేరు. అక్కడ కథ ఎప్పుడూ అసంపూర్ణమే. ఈ సంచికకూ వచ్చే సంచికకూ నడుమ ఒక నెల ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ పాఠకునిది. చదివినదాన్ని తలచుకోవడానికి, తోటివారితో వాదించడానికి, ప్రచురణకర్తకు ఉత్తరం రాయడానికి అతనికి దొరికే వ్యవధి అదే.

సూపర్‌హీరోల బృందం కథావస్తువైనప్పుడు ఈ చర్చకు మరొక కోణం చేరుతుంది. ఒంటరివీరుని కథలో అతడు గెలిచాడా, ఓడాడా అన్నది ప్రధానం. బృందకథలో ఒకరికి ఆపద వచ్చినప్పుడు మిగిలినవారు ఏం చేశారన్నది ప్రధానం. అంటే ప్రతి సంఘటనకూ కథలోపలే సాక్షులుంటారు. ఆ సాక్షులు మౌనం వహిస్తే వారి స్థానంలో నిలబడి మాట్లాడవలసిన బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నకు ‘అవెంజర్స్’ 200వ సంచిక చరిత్ర సమాధానమిస్తుంది.

2. అభిమానుల చర్చ – వేదికలు:

అమెరికన్ సూపర్‌హీరో కామిక్స్ అభిమానులు ఒక సమూహంగా ఏర్పడడంలో బృందకథల పాత్ర పెద్దది. 1960లో ‘జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా’ మొదలైనప్పుడు డెట్రాయిట్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడైన జెర్రీ బెయిల్స్ దానికి ఉత్సాహవంతుడైన పాఠకుడు. ఆయన 1961లో ‘ఆల్టర్ ఈగో’ అనే అభిమానపత్రికను ప్రారంభించారు. అందులో ఆయనకు తోడుగా నిలిచిన రాయ్ థామస్ కొన్నేళ్లకే మార్వెల్ సంస్థలో రచయితగా చేరి, 1966 నుంచి ‘అవెంజర్స్’ కథలు రాశారు. జిమ్ షూటర్ 13 ఏళ్ల వయస్సులో ‘లీజియన్ ఆఫ్ సూపర్‌హీరోస్’ అనే బృందానికి కథలు రాసి పంపగా, 1966లో అవి అచ్చయ్యాయి. ఈ రంగంలో పాఠకునికీ రచయితకూ నడుమ గోడ మొదటినుంచీ పలుచనిదే.

1962లో ‘ఫెంటాస్టిక్ ఫోర్’ 3వ సంచికనుంచి మార్వెల్ పాఠకుల లేఖలకు పుటలు కేటాయించింది. లేఖ కింద సంపాదకుని జవాబు ఉండేది. ఆ సంస్థ ‘నో–ప్రైజ్’ అనే బహుమతిని కూడా ప్రవేశపెట్టింది. కథలో పొరపాటును పట్టుకున్నవారికి మొదట్లో ఈ గౌరవం దక్కేది. తర్వాత ఆ పొరపాటు నిజానికి పొరపాటు కాదని నేర్పుగా సమర్థించినవారికి ఇచ్చేవారు. బహుమతిగా వచ్చేది ఖాళీ కవరు మాత్రమే.

ఇది హాస్యమే అయినా ఇందులో ఒక శిక్షణ ఉంది. పాఠకుడు లోపాన్ని గుర్తించడం చాలదు, దాన్ని పూరించాలి. కావ్యంలోని అసంగతికి సమర్థన వెతికే వ్యాఖ్యాతల పద్ధతి ఇటువంటిదే. ఇది తెలివిని పెంచుతుంది, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివిస్తుంది. అయితే సమర్థించకూడనిది ఎదురైనప్పుడు ఈ శిక్షణ పొందిన పాఠకుడు ఏం చేయాలి?

3. 200వ సంచిక – కథ, కథనం:

1980 అక్టోబరు తేదీతో వచ్చిన ఈ ప్రత్యేకసంచికకు జిమ్ షూటర్, జార్జ్ పెరెజ్, బాబ్ లేటన్, డేవిడ్ మిషెలినీ కథకులుగా పేర్కొనబడ్డారు. చిత్రకారుడు పెరెజ్. నాటికి షూటర్ మార్వెల్ సంస్థకు ప్రధానసంపాదకుడు.

కథలో అవెంజర్స్ సభ్యురాలు కరోల్ డాన్వర్స్, అనగా మిజ్ మార్వెల్, తనకు తెలియకుండానే గర్భవతి అవుతుంది. అసాధారణవేగంతో నెలలు నిండి ప్రసవిస్తుంది. పుట్టిన శిశువు అంతే వేగంగా యువకుడై, తన పేరు మార్కస్ అని చెబుతాడు. అతడు ఇమ్మోర్టస్ కుమారుడు; కాలానికి అతీతమైన లింబోలో బందీగా పెరిగినవాడు. భూమిపై జన్మించడానికి ఆమెను లింబోకు తీసుకుపోయానని, ఆమెను మెప్పించే ప్రయత్నాలు చేశానని, చివరికి తండ్రి యంత్రాల సహాయంతో ఆమె మనస్సును తనవైపు తిప్పుకున్నానని, తర్వాత జ్ఞాపకాలు తొలగించి తిరిగి పంపానని అతడే వివరిస్తాడు. అతని రాకవల్ల కాలగతి చెదిరిపోతుండగా హాకై అతని యంత్రాన్ని ధ్వంసం చేస్తాడు. మార్కస్ భూమిపై ఉండలేని స్థితి ఏర్పడుతుంది. అప్పుడు డాన్వర్స్ అతనిపట్ల తనలో ప్రేమ కలిగిందని చెప్పి, అతనితో లింబోకు వెళ్లిపోతుంది. సహచరులు ఆమెను సాగనంపుతారు. అక్కడ ఆమె సుఖంగా ఉంటుందని నమ్మడం తప్ప చేయగలిగింది లేదన్న భావంతో కథ ముగుస్తుంది.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. ఈ కథ తన తప్పును పూర్తిగా దాచుకోలేదు. సంచిక మొదటిభాగంలో, బిడ్డ పుట్టినందుకు సంబరపడుతున్న తోటివారితో డాన్వర్స్ కోపంగా మాట్లాడుతుంది. తనను ఎవరో వాడుకున్నారని అంటుంది. ఆ ఒక్క మాటతో కథ సరైన ప్రశ్నను చేతిలోకి తీసుకుంది. కాని వెంటనే దాన్ని జారవిడిచింది. మార్కస్ తన కృత్యాన్ని తానే చెప్పుకున్నప్పుడు ఆ మాట ఎవరికీ గుర్తురాదు. చివరకు పలికినామెకూ గుర్తురాదు. ఇది కథానిర్వహణలోని లోపమే. పాత్రస్వభావానికి విరుద్ధమైన ప్రవర్తనను క్షేమేంద్రుని పరిభాషలో అనౌచిత్యం అనవచ్చు.

ఈ అనౌచిత్యం తీవ్రత తెలియాలంటే పాత్ర పూర్వకథ తెలియాలి. 1977లో మొదలైన ‘మిజ్ మార్వెల్’ పత్రికలో డాన్వర్స్ స్త్రీల పత్రికకు సంపాదకురాలు. పేరులోని ‘మిజ్’ స్త్రీకి పెళ్లయిందా లేదా అన్నదానితో నిమిత్తం లేని సంబోధన. ఆ దశకంలోని స్త్రీవాద ఉద్యమం దానికి ప్రచారం కల్పించింది. ఆ పేరే పాఠకులకు ఇచ్చిన ఒక మాట. 200వ సంచిక ఆ మాట తప్పింది.

4. పాఠకురాలి అభ్యంతరం:

స్ట్రిక్‌లాండ్ ‘మిజ్ మార్వెల్‌పై అత్యాచారం’ అనే అర్థమిచ్చే శీర్షికతో ఒక అభిమానపత్రికలో వ్యాసం రాశారు. ఆ వ్యాసంలోని ప్రధానమైన పని శీర్షికలోనే పూర్తయింది. కథ ప్రేమగా చూపిన దానికి ఆమె అసలు పేరు పెట్టారు. యంత్రాల ప్రభావంతో సాధించిన అంగీకారం అంగీకారం కాదన్నది ఆమె వాదానికి పునాది. మార్కస్ ఒప్పుకోలును విన్న వీరుల్లో ఒక్కరికైనా ఆగ్రహం కలగకపోవడం, ఇంతమంది కలిసి రూపొందించిన కథలో ఈ విషయం ఎవరికీ తట్టకపోవడం ఆ పునాదినుంచే ప్రశ్నలవుతాయి.

ఈ వ్యాసం సంస్థ నడిపే లేఖల పుటలో కాక అభిమానులు నడుపుకొనే పత్రికలో రావడం గమనార్హం. లేఖల పుటలో ఏ ఉత్తరం వేయాలో సంపాదకుడే నిర్ణయిస్తాడు, చివరిమాట కూడా అతనిదే. అభిమానపత్రికలో పాఠకురాలికి కావలసినంత చోటు ఉంది, వాదాన్ని చివరివరకూ నడిపే స్వేచ్ఛ ఉంది.

నో–ప్రైజ్ నేర్పిన పద్ధతిలో చదివేవారు ఈ కథను కాపాడగలరు. డాన్వర్స్‌కు నిజంగానే ప్రేమ కలిగిందనవచ్చు, లింబో నియమాలు వేరనవచ్చు. స్ట్రిక్‌లాండ్ అందుకు నిరాకరించారు. పాఠం తెలియకపోవడంవల్ల కాదు, బాగా తెలియడంవల్లనే ఆమె నిరాకరించారు. నిరంతరకావ్యానుశీలనంతో నిర్మలమైన మనస్సు గలవాడు సహృదయుడని అభినవగుప్తుడు నిర్వచించాడు. ఏళ్లతరబడి ఒకే పాత్ర వెంట నడిచిన అభిమానికి ఈ నిర్వచనం చక్కగా అన్వయిస్తుంది. అయితే సహృదయుని లక్షణంగా మనం సాధారణంగా తన్మయత్వాన్నే చెబుతాం. తన్మయత్వం సాధ్యం కాని చోట దాన్ని కల్పించుకోకపోవడం కూడా సహృదయలక్షణమేనని ఈ సందర్భం తెలియజేస్తుంది.

5. రసాభాసం – అన్వయం, పరిమితి:

రతి ఒక్కరిలోనే ఉన్నప్పుడు అది శృంగారరసం కాదు, శృంగారాభాసమని ఆలంకారికులు చెప్పారు. సీతపట్ల రావణుని కామం దీనికి ప్రసిద్ధోదాహరణ. 200వ సంచిక ముగింపు శృంగారాన్ని ఉద్దేశించి శృంగారాభాసాన్ని సృష్టించింది. రావణుని విషయంలో కవికి అది ఆభాసమని తెలుసు. ఇక్కడ కథకులకు తెలియలేదు.

కాని ఈ పరిభాష ఇక్కడ కొంతదూరమే పనికివస్తుంది. రసాభాసం అన్నప్పుడు దెబ్బతిన్నది రసం, నష్టపోయినవాడు ప్రేక్షకుడు. స్ట్రిక్‌లాండ్ దృష్టిలో దెబ్బతిన్నది ఒక స్త్రీ. ఆమె కల్పితపాత్రే కావచ్చు. అటువంటి కథలు చదివి ప్రేమ అంటే ఇది అని నేర్చుకొనే పాఠకులు మాత్రం కల్పితులు కారు. ‘ఆభాసం’ అనే మాట కావ్యదోషాన్ని చూపగలదు, అపరాధాన్ని అపరాధమని పిలవలేదు. ఆ పని చేయడానికి స్త్రీవాదవిమర్శ పరిభాష అవసరమైంది. ప్రాచీనపరిభాషను ఆధునికపాఠాలకు అన్వయించే పరిశోధకులు ఈ పరిమితిని గుర్తుంచుకోవాలి.

6. వార్షికసంచిక – కథలోపలి విమర్శ:

1981 నాటి 10వ వార్షికసంచికను క్రిస్ క్లేర్‌మాంట్ రాశారు, మైకెల్ గోల్డెన్ చిత్రించారు. రోగ్ అనే పాత్ర తొలిసారి కనిపించేది ఇందులోనే. డాన్వర్స్ శక్తులను, జ్ఞాపకాలను రోగ్ హరిస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ వంతెనపైనుంచి పడిపోతున్న డాన్వర్స్‌ను స్పైడర్–ఉమన్ కాపాడుతుంది. జ్ఞాపకాలు తిరిగి వచ్చాక ఆమె అవెంజర్స్‌ను నిలదీస్తుంది. మార్కస్ ఎవరో తెలిసీ తన గురించి ఒక్క ప్రశ్న వేయకుండా చిరునవ్వుతో సాగనంపారని నిందిస్తుంది. వారిదగ్గర జవాబు లేదు.

స్ట్రిక్‌లాండ్ వ్యాసానికి ఈ సంచిక ప్రత్యక్షఫలమనడం సులభీకరణ అవుతుంది. ‘మిజ్ మార్వెల్’ పత్రికలో 3వ సంచికనుంచి కథలు రాసింది క్లేర్‌మాంటే. ఆ పాత్రపై ఆయనకు స్వంతమైన శ్రద్ధ ఉంది. అయినా రెండు పాఠాల్లోనూ అభ్యంతరం ఒకే చోట నిలుస్తుంది: సహచరుల మౌనం. పాఠకురాలు వెలుపలినుంచి అడిగిన ప్రశ్ననే ఇక్కడ పాత్ర లోపలినుంచి అడుగుతుంది.

క్లేర్‌మాంట్ పాతకథను చెరిపివేయలేదు. అది కల అనో, భ్రమ అనో చెప్పి తప్పించుకోలేదు. జరిగినది జరిగినట్లే ఉంచి, దాని అర్థాన్ని మార్చారు. అంతవరకూ సుఖాంతంగా ఉన్నది ఇప్పుడు బృందం చేసిన ద్రోహంగా నిలిచింది. ధారావాహికరూపానికి మాత్రమే సాధ్యమైన విమర్శ ఇది. అయితే ఇందులో ఒక లోటూ ఉంది. మాట దక్కిన ఈ కథలోనే డాన్వర్స్ తన శక్తులను కోల్పోయింది. న్యాయం అడగడానికి స్త్రీపాత్ర మరోసారి గాయపడవలసి రావడం ఆ కాలపు కామిక్స్ పరిమితి.

7. కోరిక, విమర్శ:

పాఠకులు కథను ప్రభావితం చేసిన ప్రతి సందర్భమూ విమర్శ కాదు. 1988లో బ్యాట్‌మన్ సహచరుడు రాబిన్ బతకాలా, మరణించాలా అన్నదానిపై డీసీ సంస్థ టెలిఫోన్ ద్వారా ఓట్లు తీసుకుంది. మరణానికి 5,343, జీవితానికి 5,271 ఓట్లు వచ్చాయి. 72 ఓట్ల తేడాతో ఒక పాత్ర మరణించింది. అక్కడ పాఠకునికి అధికారం దొరికింది కాని కారణం చెప్పవలసిన అవసరం లేకపోయింది. స్ట్రిక్‌లాండ్‌కు ఏ అధికారమూ లేదు. ఉన్నది కారణం మాత్రమే. తనకేం కావాలో చెప్పేది కోరిక. పాఠం తనకు తాను ఏం బాకీపడిందో చూపేది విమర్శ.

8. ముగింపు:

పై పరిశీలనలో తేలిన అంశాలు మూడు. తాజా సంచికపై అభిమానుల చర్చలో ఊహలు, అభిమానపక్షపాతాలు ఎన్ని ఉన్నా, పాఠం జారవిడిచిన ప్రశ్నను పాఠంనుంచే ఎత్తిచూపినప్పుడు అది విమర్శ అవుతుంది. సహృదయత సమర్థించే శక్తి మాత్రమే కాదు, నిరాకరించే శక్తి కూడా. రసదోషాన్ని చెప్పే పరిభాషకు అపరాధాన్ని చెప్పే పరిభాష తోడు కావాలి.

తెలుగు పరిశోధకులకు ఇందులో ఒక సూచన ఉంది. మన వారపత్రికల్లో ధారావాహికలుగా వచ్చిన నవలలను ఇప్పుడు పుస్తకరూపంలోనే చదువుతున్నాం. ఆ నవల నడుస్తుండగా పాఠకులు, ముఖ్యంగా స్త్రీలు, పత్రికకు రాసిన ఉత్తరాలు పుస్తకంలోకి రావు. గ్రంథాలయాల్లోని పాత సంపుటాల్లో, లేఖల పుటల్లో అవి ఉన్నాయి. కథానాయకుని దౌర్జన్యాన్ని ప్రేమగా చిత్రించిన ప్రకరణం అచ్చయిన వారం తర్వాత ఏ ఊరినుంచి ఎవరు ఏమని రాశారో వెతకడం మన నవలావిమర్శ చేయవలసిన పని.