కర్రను ముంచే పనితనం

కర్ర నీళ్ల మీద తేలుతుందన్న మాట సగమే నిజం. ఏ చెట్టుదైనా సరే, కర్రలోని కణాల గోడ పదార్థం నీటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. టేకు దుంగ తేలుతోందంటే ఆ గొప్ప కర్రది కాదు, గోడల నడుమ ఖాళీల్లో చిక్కుకున్న గాలిది. గాలి పోయి ఆ చోట్లోకి నీరు చేరితే ఎంతటి మొద్దయినా అడుక్కి దిగాల్సిందే. ఇంటి అక్వేరియంలో మొక్కల మధ్య వంకర తిరిగి కదలకుండా కూర్చున్న డ్రిఫ్ట్‌వుడ్‌ను చాలామంది దుకాణంలో కొని పడేసిన అలంకారమే అనుకుంటారు. అది అలా కూర్చోవాలంటే ముందు దానిలోంచి గాలిని వెళ్లగొట్టాలి. ఆ వెళ్లగొట్టడంలోనే పనివాడెవరో తెలిసిపోతుంది.

నేను దగ్గరగా చూసిన పనివాడు రాజమహేంద్రవరంలో అక్వేరియంలు అమర్చి పెట్టే ఒకాయన. గాజు అతకడం, ఫిల్టరు బిగించడం, మొక్కలు నాటడం అన్నీ చేస్తారు. వాటిలో ఆయనకు సాటి వచ్చేవాళ్లు ఊళ్లో ఇంకా ఉండొచ్చు. కర్ర దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ చెయ్యి వేరు.

గోదావరి ఊళ్లో ఉంటూ కర్రకు కరువేమిటని మీరు అడగొచ్చు. నిజమే, వరదొచ్చిన ప్రతిసారీ ఎగువ అడవుల్లోంచి దుంగలు కొట్టుకొస్తాయి. పోలీసులు మైకుల్లో వద్దు వద్దని అరుస్తున్నా తాళ్లు విసిరి వాటిని ఒడ్డుకు లాగేవాళ్లు లాగుతూనే ఉంటారు. తిన్నని దుంగ దూలానికో పొయ్యిలోకో పోతుంది, వంకర మొద్దులు వరద తీశాక ఇసుక మేటల మీద మిగిలిపోతాయి. అయితే కొట్టుకొచ్చిన కలప ఎవరిదన్న ప్రశ్నకు అటవీ చట్టంలో జవాబు ఉంది: సొంతదారు రుజువు చేసుకునేదాకా అది సర్కారుదే. అందుకని ఆయన ఏటి జోలికి పోరు. పాత తోటలు కొట్టేసేచోట రైతుల దగ్గర ఎండిన జామ మొద్దులు కొంటారు. జామ కర్ర గట్టిది, సన్నటి కొమ్మలు కూడా నీళ్లలో తొందరగా మెత్తబడవు. మలేషియా కర్ర, ఆఫ్రికా మొపానీ, అజేలియా పొదల వేళ్లతో వచ్చే స్పైడర్‌వుడ్ దుకాణాల్లో దొరుకుతాయి, ధర కూడా తగ్గట్టే ఉంటుంది. కాకినాడ, విశాఖ తీరాల్లో దొరికే కర్రను ఆయన చేత్తో కూడా ముట్టరు. అందులోని ఉప్పు దిగాలంటే మంచినీళ్లు మారుస్తూ వారాల తరబడి నానబెట్టాలి. పచ్చి కర్ర ఏదైనా పనికిరాదు. లోపలి జీవరసం నీళ్లలోకి దిగి కుళ్లు మొదలవుతుంది. ఇక వేప, గన్నేరు, జిల్లేడు ఆయన పెరట్లోకే రావు. గన్నేరులో ఆకు నుంచి వేరుదాకా విషమే. వేపలోని చేదు పురుగుకే కాదు, చేపకూ పడదు.

నేను చూసిన రోజు ఆయన చేతిలో ఉన్నది మోచెయ్యి నుంచి వేళ్ల కొసలదాకా వచ్చే జామ వేరు. ఒక మొదలు, దాన్నుంచి విడిపోయిన రెండు పాయలు. ముందుగా బొటనవేలి గోరు గుచ్చారు. గోరు జారితే గట్టి కర్ర, దిగితే అక్కడ కుళ్లు. మొద్దంతా అలా గోరుతో తడుముకుంటూ వెళ్లి, దిగిన చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టారు. ఆ తర్వాత స్క్రూడ్రైవరు అందుకుని గీతలున్న చోట మెత్తటి భాగాన్ని తవ్వి, గట్టి కర్ర తగలగానే చెయ్యి ఆపేశారు. ఈ కుళ్లును వదిలేస్తే అది ట్యాంకులో కరుగుతూ నీళ్లలోని ఆక్సిజన్ తింటుంది, మడ్డి ఫిల్టరులో చేరుతుంది. బెరడు పొలుసు మిగలకుండా తీసేయాల్సిందే. ఇవాళ అంటుకుని ఉన్నా నానాక రేపు ఊడి తేలుతుంది, పైగా పురుగులు దాక్కునేది దాని కిందే.

గీకడంలో ఒక పద్ధతి ఉంది. కర్ర పోగు ఎటు సాగిందో బ్రష్షు అటే పోవాలి. మొదలు దగ్గర నిలువుగా, పాయలు చీలేచోట పక్కకు, ముడి దగ్గర చుట్టూ. అడ్డంగా ఒక్కసారి లాగినా తీగ గీతలు పడతాయి. ట్యాంకు లైటు పక్కనుంచి పడినప్పుడు ఆ గీతలే ముందు కనిపిస్తాయి. అలాంటి చోట్ల వైరు బ్రష్షు పక్కన పెట్టి, పళ్ల డాక్టర్లు వాడే సన్నటి కొక్కెం ఒకటి తీశారు. రెండు పాయల సందులో ఏళ్ల నాటి మట్టి గట్టిపడి ఉంది. దాన్ని పిసరు పిసరుగా రాలుస్తుంటే లోపల ఒక గులకరాయి బయటపడింది. వేరు పెరుగుతూ పెరుగుతూ దాన్ని కరుచుకుపోయింది. నేనయితే పెకలించి పారేసేవాణ్ణి. ఆయన రాయి మీద ఒక చుక్క యాసిడ్ వేసి చెవి దగ్గర పెట్టుకున్నారు. పొంగితే సున్నపురాయి, అది నీళ్ల కాఠిన్యం పెంచుతుంది. పొంగలేదు, చప్పుడూ రాలేదు. యాసిడ్ కడిగేసి రాయిని అలాగే వదిలేశారు. ఇప్పుడా ట్యాంకు చూసేవాళ్లు ఆ రాయిని ఎలా ఇరికించారని అడుగుతారట.

అడుగు చదునుగా లేకపోతే మొద్దు నిలబడదు, కాబట్టి రంపం పెట్టక తప్పదు. అయితే రంపం కోసిన నున్నటి ముఖం ఏ ఏటి ఒడ్డునా పుట్టదు. ఇసుకలోకి పోయే భాగాన్ని అలాగే ఉంచి, ఇసుక పైన వేలెడు మేర కనిపించే అంచును మాత్రం ఉలితో చిన్న చిన్న పేళ్లుగా ఎగరగొట్టారు. చివరికి అది విరిగిన కర్ర అంచే అయింది. ఈ పని అంతా కలిపి బ్రష్షు పనికంటే తక్కువ సేపే పట్టింది, కానీ నా లెక్కలో ఆయన పనితనమంతా ఆ వేలెడు మేరలో ఉంది. మరుగున పడాలని చేసే పనిని అంత శ్రద్ధగా చేసేవాళ్లు ఎందరు?

ఇక ఉడకబెట్టడం. పెళ్లి వంటల అల్యూమినియం డేగిసా, దాన్నిండా నీళ్లు, అందులో మొద్దు, పైన తేలకుండా అడ్డంగా ఒక స్టీలు జల్లెడ. ఇనుప పాత్ర ఎందుకు వాడరో కలంకారీ పని చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. శ్రీకాళహస్తిలో కరక్కాయ, పాలు కలిపి ముంచిన గుడ్డ మీద బెల్లంలో ఊరేసిన ఇనుపముక్కల నీళ్లు పెడితే నల్ల గీత తేలుతుంది. కరక్కాయలోని టానిన్, ఇనుము కలిసి పుట్టించే నలుపు అది. కర్రలో ఉన్నదీ టానిన్లే. ఇనుప గంగాళంలో ఉడకబెడితే నీళ్లూ కర్రా రెండూ నల్లబడతాయి. తంగేడు పట్టతో తోలు పదును చేసిన మన పాతకాలం వాళ్లకు ఈ పదార్థం శక్తి బాగానే తెలుసు.

రెండు మూడు గంటలు మరిగాక ఆయన పొయ్యి ఆర్పి మూత పెట్టేశారు. చాలాసేపటికీ తియ్యకపోతే అడిగాను, "ఇంకా బయటికి తియ్యరేంటండీ?" అని.

"పొయ్యి మీద ఉన్నప్పుడు గాలి బయటికి పోతుందండీ. నీళ్లు లోపలికి వెళ్లేది పొయ్యి ఆర్పాకే. ఇప్పుడు తీశామంటే మళ్లీ గాలే పీలుస్తుంది."

నాకు తెలిసినంతలో ఈ పనిలో అసలు కిటుకు ఇదే. వేడికి కర్రలోని గాలి వ్యాకోచించి బుడగలుగా వెళ్లిపోతుంది, ఆ ఖాళీల్లో ఆవిరి నిండుతుంది. చల్లారుతున్నకొద్దీ ఆవిరి మళ్లీ నీరై కుంచించుకుపోయి లోపల ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు చుట్టూ ఉన్న నీరు తనంతట తాను లోపలికి దూరుతుంది. ఉడుకుతున్న కర్రను పటకారుతో ఎత్తి బయట పెట్టేవాళ్లు తమ సగం శ్రమను గాలికి ఇచ్చేసినట్టే. అలాగని రోజుల తరబడి మరిగించినా లాభం లేదు. పై పొర మెత్తబడి, ట్యాంకులో బతకాల్సిన కాలం తగ్గిపోతుంది. పురుగుల గుడ్లు, నాచు, నత్తలు పోవడానికి మొదటి మరుగు చాలు. డేగిసాలో పట్టనంత పెద్ద మొద్దుకు ఈ దారి లేదు. డ్రమ్ములో బరువు పెట్టి నానబెట్టి, నెలల తరబడి ఎదురుచూడటమే.

మూత తీసేసరికి నీళ్లు చిక్కటి టీ డికాషన్. అది పారబోసి కొత్త నీళ్లతో మళ్లీ మరిగించడం, మళ్లీ చల్లార్చడం. ఒక్కో విడతకు రంగు పలచబడుతుంది. కొందరు తొందరపడి బ్లీచింగ్ వాడతారు. చిల్లులున్న కర్ర ఆ క్లోరిన్‌ను పీల్చుకుని తర్వాత తీరిగ్గా చేపల మీదికి వదులుతుంది. కుళాయి నీళ్ల క్లోరిన్‌కే దుకాణంలో యాంటీ క్లోరిన్ కొని చుక్కలు లెక్కపెట్టి వేసేవాళ్లు కర్రకు దాన్ని పట్టించడం నాకు అర్థం కాని తెలివి. ఆయన నీళ్లు లేత పసుపుకు దిగగానే ఆపేస్తారు, పూర్తిగా తెల్లబడేదాకా లాగరు. అది నాకు నచ్చింది. అమెజాన్ ఉపనది రియో నీగ్రో నీళ్లలోనూ ఇలాంటి రంగే, ఇంకా చిక్కగా ఉంటుంది. కార్డినల్ టెట్రా అక్కడి చేపే, దాని ఎరుపు, నీలం గీతలు ఆ గోధుమ రంగు నీళ్లలో వెలిగినంత గాజు తెలుపులో వెలగవు. రంగు తగ్గిందనిపిస్తే ఆయనే ఒక ఎండు బాదం ఆకు వేస్తారు. మన పెరళ్లలో ఊడ్చి తగలబెట్టే ఆకును అక్వేరియం దుకాణాలు కట్టలు కట్టి అమ్ముతున్నాయి మరి. రంగు అక్కర్లేనివాళ్లు ఫిల్టరులో యాక్టివేటెడ్ కార్బన్ పెట్టుకుంటే సరి. టానిన్లతో పీహెచ్ పడిపోతుందన్న భయం బోరు నీళ్ల ఊళ్లలో పెద్దగా అక్కర్లేదు. ఆ నీళ్లలోని బైకార్బొనేట్లు ఆ కాస్త ఆమ్లాన్ని ఎక్కడికక్కడ అడ్డుకుంటాయి.

కర్ర అడుక్కి దిగిందని తేలాక అతకడం, కట్టడం. చిన్న కొమ్మను మొదలుకు కలపాలంటే సందులో దూదిపీచు కూరి సూపర్‌గ్లూ వదులుతారు. తడి తగిలితేనే గట్టిపడే జిగురది, నీళ్లలో పెట్టినా విడదు. అనూబియాస్, జావా ఫెర్న్ మొక్కల దుంపను ఇసుకలో పూడిస్తే కుళ్లిపోతుంది, అందుకే నూలు దారంతో కర్రకు కడతారు. దారం చీకిపోయేనాటికి వేళ్లు కర్రను పట్టుకుంటాయి. ఇదంతా చకచకా జరిగిపోయే పని.

ట్యాంకులో కర్ర, రాళ్లు, మొక్కలు కూర్చే ఈ విద్యను కళగా నిలబెట్టింది జపాన్‌లోని నీగాతా వాసి తకాషి అమానో. సైకిల్ పందేల్లో పాల్గొని, ఫొటోగ్రాఫరై, 1982లో ఆక్వా డిజైన్ అమానో సంస్థను పెట్టారు. 2015లో, ఆయన కన్నుమూసిన ఏడాదే, లిస్బన్ ఓషనేరియంలో ఆయన చివరి పెద్ద పని జనానికి తెరుచుకుంది. 40 మీటర్ల పొడవు, 1,60,000 లీటర్ల నీళ్లు, అజోర్స్ దీవుల నుంచి తెచ్చిన 25 టన్నుల అగ్నిపర్వత శిలలు, స్కాట్లండ్ నుంచీ మలేషియా నుంచీ తెచ్చిన 78 చెట్టు మొదళ్లు. రెండు ఖండాల కర్ర ఒకే అడవిగా కలిసిపోయింది, ఏది ఎక్కడిదో నాకు ఫొటోల్లో ఎంత వెతికినా పట్టుబడలేదు. లావు మొదళ్లు ముందు, సన్నటి కొసలు వెనక్కి వాలుతూ లోతు పుట్టించే పద్ధతి ఆ ట్యాంకులోనిదే. మన జామ వేరు నిలబడ్డ రెండడుగుల ట్యాంకులోనూ అదే. అయినా లిస్బన్ పనిలో చూపు కూర్పు మీదికే పోతుంది, కర్ర సిద్ధం చేసిన చెయ్యి కనపడదు. అది కనపడేది ఇలాంటి చిన్న ట్యాంకుల్లోనే.

కర్రను ట్యాంకులో పెట్టిన కొన్నాళ్లకు దాని మీద తెల్లటి బూజు, జిగట కమ్ముతుంది. కొత్తవాళ్లు కంగారుపడి ఫోన్లు చేసేది అప్పుడే. కర్రలో మిగిలిన చక్కెరల మీద బాక్టీరియా, శిలీంధ్రాలు పెరగడమే అది, చేపలకు హాని లేదు. రొయ్యలు, నత్తలు దాన్ని మేసేస్తాయి, కొన్ని వారాల్లో తనంతట తనే పోతుంది. దాన్ని మేసే చేప కావాలని అడిగినవాళ్లకు ఆయన సక్కర్ ఫిష్ మాత్రం అమ్మరు. అది మూరెడు పెరిగాక ట్యాంకులో పట్టక చెరువులో వదిలేస్తే ఏమవుతుందో, దెయ్యం చేప పేరుతో వలలు చించుకుంటున్న మన జాలర్లనడిగితే చెబుతారు. బదులుగా జానెడు మించని బ్రిసిల్‌నోస్‌ను ఇస్తారు. అది రాత్రంతా కర్రను నోటితో గీకుతుంది, పొద్దుటికి అడుగున గోధుమ రంగు పొట్టు రాలి ఉంటుంది. ఆ చేప ఉన్న ఇళ్లలో ఫిల్టరు స్పాంజి మాత్రం వారం వారం, కుళాయి నీళ్లతో కాకుండా, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండి పెట్టుకోవాలని ఆయన మరీ మరీ చెప్పి పంపుతారు.